సొంతంగా కట్టిన రెండు సీట్ల విమానం: కుడి టైరు బయటి అంచు నున్నగా అయిపోయింది, ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలి?

కళ్యాణదుర్గం_గాలి

మాది కిట్ తెప్పించి కట్టుకున్న రెండు సీట్ల మెటల్ విమానం. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద చిన్న చక్రం. పెద్ద చక్రాలని మోసే కాళ్లు స్ప్రింగ్ స్టీలు పట్టీలు. టైర్లు 5.00-5. కాగితాలు, అనుమతులు అన్నీ సక్రమంగా ఉన్నాయి, దయచేసి చర్చను అటు తిప్పొద్దు.

ఏడాది కూడా తిరగలేదు, కుడి టైరు బయటివైపు గాడి కనిపించకుండా పోయింది. అదే టైరు లోపలివైపు కొత్తదానిలా ఉంది. ఎడమది కూడా బయటివైపే అరుగుతోంది గానీ ఇందులో సగం కూడా లేదు. గాలి వారం వారం చూస్తాం, రెండింట్లో ఒకటే ప్రెషర్. దిగాక తోక కిందికి వచ్చే సమయంలో ఎడమకి లాగినట్టు ఉంటుంది, నా కాళ్లల్లో టెన్షన్ తగ్గదు.

కొత్త టైరు తెప్పించాలంటే టైరు ధర ఒక ఎత్తు, కస్టమ్స్, కొరియర్ ఇంకో ఎత్తు. కొత్తది వేసి దాన్నీ ఇలాగే అరగదీయడం నాకు ఇష్టం లేదు. అలైన్‌మెంట్ పోయిందా, కాలు వంగిందా, నడిపే పద్ధతిలో ఏమైనా ఉందా? అనంతపురంలో కార్ల అలైన్‌మెంట్ షాపువాళ్లని అడిగితే నవ్వి పంపించారు.

ఆటోనగర్_బాషా

కడపలో లారీలకి, ట్రాక్టర్ ట్రాలీలకి అలైన్‌మెంట్ చేస్తా. విమానం ముట్టుకున్నది లేదు గానీ టైరు ఏ బండిదైనా టైరే అన్నా. అరిగినచోట అరచెయ్యి పెట్టి అడ్డంగా నిమిరి చూడు. బయట నుంచి లోపలికి నిమిరితే నున్నగా, లోపల నుంచి బయటికి నిమిరితే గరుకుగా తగిలిందంటే టో-ఇన్ ఎక్కువైంది. అంటే చక్రాల ముందుభాగం లోపలికి చూస్తోంది. గరుకు ఎటూ తగలకుండా ఏటవాలుగా మాత్రమే అరిగి ఉంటే అది క్యాంబర్, అంటే చక్రం నిటారుగా లేకుండా పక్కకి వాలి ఉంది.

హ్యాంగర్_రెండో_షిఫ్ట్

ఫ్లయింగ్ స్కూల్లో టెక్నీషియన్‌ని. స్ప్రింగ్ కాళ్లున్న ఏ విమానమైనా బయటి అంచే ముందు తింటుంది. బరువు తక్కువగా ఉన్నప్పుడు కాళ్లు ముడుచుకుని చక్రాల పైభాగం బయటికి వాలి ఉంటుంది. నిండా బరువు పడితే కాళ్లు విచ్చుకుని చక్రం నిటారుగా వస్తుంది. మీరు ఎక్కువగా ఒక్కరే, సగం పెట్రోలుతో ఎగురుతుంటే టైరు జీవితమంతా బయటి అంచు మీదే నడిచినట్టు. మేము టైరు సగం అరిగే లోపే విప్పి, తిప్పి వేస్తాం. బయటి అంచు లోపలికి పోతుంది. దీనికి ఇంత కంగారు అక్కర్లేదు.

కళ్యాణదుర్గం_గాలి

@హ్యాంగర్_రెండో_షిఫ్ట్ నిజమే, ఎక్కువసార్లు ఒక్కణ్ణే ఎగురుతా. కానీ అదొక్కటే కారణమైతే రెండు టైర్లూ ఒకేలా అరగాలి కదా? 

@ఆటోనగర్_బాషా నిమిరి చూశాను. కుడిదాంట్లో లోపల నుంచి బయటికి స్పష్టంగా గరుకు. ఎడమదాంట్లో పెద్దగా తెలియడం లేదు.

ఆటోనగర్_బాషా

అయితే కుడి చక్రం టో-ఇన్. తీర్పు అయిపోయింది. కొంచెం తగ్గించు, మొత్తం తీసెయ్యకు. రవ్వంత టో-ఇన్ లేకపోతే బండి రోడ్డు మీద ఊగులాడుతుంది.

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్

బాషా అన్నా, లారీకి మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. తోకచక్రం విమానానికి మాత్రం ఆ "రవ్వంత టో-ఇన్" వద్దు. నేను ఇక్కడ సొంతంగా కట్టుకున్నది కూడా తోకచక్రం విమానమే, మా క్లబ్బులో దీని మీద జరగని వాదన లేదు.

విమానం పొరపాటున ఎడమకి తిరిగిందనుకోండి. బరువు కుడి చక్రం మీదికి పోతుంది. ఆ కుడి చక్రానికి టో-ఇన్ ఉంటే అది చూసేది ఎడమకే. అంటే బరువు మోస్తున్న చక్రమే విమానాన్ని ఇంకా ఎడమకి తిప్పుతుంది. తిరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, బరువు పెరిగేకొద్దీ ఇంకా తిరుగుతుంది. ముక్కు కింద చక్రం ఉన్న విమానంలో బరువు కేంద్రం పెద్ద చక్రాల ముందు ఉంటుంది కాబట్టి తనంతట తాను సర్దుకుంటుంది. తోకచక్రం విమానంలో బరువు కేంద్రం పెద్ద చక్రాల వెనక ఉంటుంది. సర్దుకోదు, గ్రౌండ్ లూప్ అయిపోతుంది, అంటే నేల మీదే గిర్రున తిరిగిపోతుంది.

అందుకే సున్నా పెట్టుకోవాలి, తప్పితే అతి స్వల్పంగా టో-ఔట్ (చక్రం ముందుభాగం బయటికి చూడడం). మీకు ఎడమకి లాగుతోందని రాశారు చూడండి, కుడి చక్రం టో-ఇన్‌తో అది అచ్చంగా సరిపోతుంది. నాకు టైరు ఖర్చు కన్నా ఇదే ఎక్కువ భయంగా ఉంది. సరిచేసేదాకా గాలి అడ్డంగా వీచే రోజున ఎగరొద్దని నా మనవి.

ఆటోనగర్_బాషా

లారీ కూడా మలుపులో బయటి చక్రం మీదే బరువు వేస్తుంది కదా తమ్ముడూ, మరి దానికేం కాదే?

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్

లారీలో ఆ చక్రాల్ని స్టీరింగ్ పట్టుకుని ఉంటుంది, మీరు స్టీరింగ్ పట్టుకుని ఉంటారు. వెనక ఇరుసు చక్రాలు బండిని వెనక నుంచి స్థిరంగా ఉంచుతాయి. ఇక్కడ పెద్ద చక్రాలు కాలికి బోల్టులతో బిగించినవి, తిరగవు. వెనక ఉన్నది అరచేతిలో పట్టేంత చక్రం ఒక్కటే.

బుడ్డలచేను

నాకు వేరే అనుమానం ఉంది. మీ రన్‌వే ఉత్తరం దక్షిణం అని ఇంకో చర్చలో రాసినట్టు గుర్తు. మన వైపు ఆషాఢం, శ్రావణం గాలి నైరుతి నుంచే కదా, గాలిమరలు అన్నీ అటే మొహం పెట్టుకుని ఉంటాయి. గాలికి ఎదురు దిగాలంటే దక్షిణం వైపు దిగుతారు. అప్పుడు గాలి ముందు కుడి నుంచి వస్తుంది. కుడి రెక్క దించి దిగుతారు, కుడి చక్రమే ముందు నేలని తాకుతుంది. ప్రతిసారీ ఆగి ఉన్న చక్రం ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టేది కుడిదే. దాన్నే ముందు అరగదీస్తున్నారు.

కళ్యాణదుర్గం_గాలి

ఇది నాకు తట్టనే లేదు. రన్‌వే సరిగ్గా అలాగే ఉంది. కుడి చక్రమే ముందు తాకుతుంది, నిజం.

హ్యాంగర్_రెండో_షిఫ్ట్

@బుడ్డలచేను మంచి పాయింట్. కానీ తాకినప్పటి అరుగుడుకి గరుకు ఒక దిక్కుగా లేవదు. అది అక్కడక్కడా చిన్న మచ్చలుగా ఉంటుంది. రెండూ కలిసి ఉండొచ్చు. బ్రేకు పట్టి వదలకుండా ఉందేమో కూడా చూడండి. జాకీ మీద లేపి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. మడమలు నేల మీద ఆనించి కూర్చుంటే కాలివేళ్లు బ్రేకు మీదికి పోవు, ఈ అలవాటు విద్యార్థులకి మొదటిరోజే నేర్పాలి.

జేఎన్‌టీయూ_మెకానికల్

అనంతపురంలో ఫైనలియర్. అన్నలు చెప్పింది లెక్కలో పెట్టి చూశాను.

ఒక్క డిగ్రీ టో అంటే వినడానికి చిన్నదే. చక్రం ముందుకి ఒక మీటరు నడిచినప్పుడల్లా పక్కకి పదిహేడున్నర మిల్లీమీటర్లు ఈడ్చుకుపోవాలి. కిలోమీటరు ట్యాక్సీ చేస్తే, అంటే నేల మీద నడిపితే, పక్కకి ఈడ్చింది పదిహేడున్నర మీటర్లు. రబ్బరు కొంత సాగి సర్దుకుంటుంది గానీ మిగతాదంతా అరుగుడే.

ఇంకోటి, ఇది ఎవరూ అనలేదు. తోక నేల మీద ఉన్నప్పుడు, తోక లేచినప్పుడు టో ఒకటే ఉండదు. క్యాంబర్ ఉన్న చక్రం ఇరుసు బయటి కొన కాస్త కిందికి చూస్తుంటుంది. ముక్కు పైకి లేస్తే ఆ "కింద" కొంత "ముందు" అవుతుంది. ఇరుసు కొన ముందుకి పోయిందంటే టో-ఇన్ వచ్చినట్టే. తోక కింద ఉన్నప్పుడు విమానం 12 డిగ్రీలు పైకి చూస్తుందనుకుందాం, క్యాంబర్ 3 డిగ్రీలు. 3ని సైన్ 12తో, అంటే 0.208తో గుణిస్తే 0.62. అరడిగ్రీ కన్నా ఎక్కువ టో-ఇన్ ఎవరూ పెట్టకుండానే వచ్చి కూర్చుంటుంది.

తోక దిగేటప్పుడే లాగుతోందని అన్న రాశారు కదా. కారణం ఇదే కావచ్చు.

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్

తమ్ముడూ, శభాష్. మా క్లబ్బులో పెద్దవాళ్లు "ఏ భంగిమలో కొలిచావు?" అని ముందు ఎందుకు అడుగుతారో ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

కొండారెడ్డి_బురుజు

కిట్ కొన్నప్పుడు కాళ్లకి రంధ్రాలు సరిగ్గా వేసి రావా? అంత డబ్బు పోసి కొన్నాక మళ్లీ ఈ తిప్పలేంది?

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్

రంధ్రం సరిగ్గానే వేస్తారు, కాలు బాడీకి బిగించే చోట కొంచెం తేడా వచ్చినా అది కింద చక్రం దగ్గర కనిపిస్తుంది. స్టీలు పట్టీని వంచి, వేడి చేసి గట్టిపరచడంలో రెండు కాళ్లూ అచ్చు ఒకేలా రావడం కూడా కష్టమే. పెద్ద ఫ్యాక్టరీ విమానాలకి కూడా ఏటవాలు షిమ్‌లు (కాలికీ ఇరుసుకీ మధ్య పెట్టే పలుచటి పలకలు) అమ్మేది అందుకే. ఈ స్ప్రింగ్ స్టీలు కాలు స్టీవ్ విట్‌మన్ అనే రేసింగ్ పైలట్ ఆలోచన. సెస్నా అనే విమానాల కంపెనీ ఆ హక్కులు కొని 1946లో వచ్చిన 140 మోడల్‌కి పెట్టింది. రబ్బరు తాళ్లు, కీళ్లు, గ్రీజు పాయింట్లు ఏవీ లేకుండా ఒక్క పట్టీతో పని అయిపోవడం ఎంత గొప్ప! బదులుగా మనం ఇచ్చుకునేది ఈ అలైన్‌మెంట్ ఓపిక.

రిటైర్డ్_సార్జెంట్

వైమానిక దళంలో గ్రౌండ్ క్రూగా చేసి నంద్యాలలో స్థిరపడ్డాను. అందరూ కారణాలు చెప్తున్నారు, ఇంకా ఎవరూ కొలవలేదు. ముందు కొలవండి నాయనా.

కొలిచే ముందు విమానాన్ని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. బేరింగు లూజుగా ఉంటే కొలతలన్నీ అబద్ధం చెప్తాయి. ఇరుసు బోల్టులు చూడండి. కాలు బాడీలోకి పోయే చోట పెయింటు చిట్లిందా చూడండి. గట్టిగా దిగిన సందర్భం ఉంటే ఇరుసు వంగిందేమో చక్రం విప్పి చూడాలి. వంగిన ఇరుసుకి షిమ్ వేసి సరిచేయడం నేరం అంటాను నేను.

ఇక కొలిచే పద్ధతి. సమంగా ఉన్న నేల కావాలి. ఒక్కో చక్రం కింద రెండు జీఐ రేకులు, మధ్యలో దట్టంగా గ్రీజు. దీనివల్ల కాళ్లు బిగుసుకుపోకుండా తమ సహజ స్థానానికి విచ్చుకుంటాయి. ఇది చేయకుండా హ్యాంగర్లోకి వెనక్కి తోసుకొచ్చి అలాగే కొలిస్తే ఆ లెక్క చెత్తబుట్టకే. టో-ఇన్ ఉన్న విమానాన్ని వెనక్కి తోస్తే కాళ్లు విచ్చుకుంటాయి, ముందుకి తోస్తే ముడుచుకుంటాయి. ముందుకీ వెనక్కీ తోసి పక్కన నిలబడి చూసినా ఎత్తు మారడం కంటికి తెలుస్తుంది.

బాడీ నడిమధ్య నుంచి ముందొకటి, తోక దగ్గర ఒకటి తూకం గుండు వేలాడదీసి నేల మీద సుద్ద దారం కొట్టండి. అది మీ మధ్యగీత. ఒక్కో చక్రానికి మీటరు పొడవు అల్యూమినియం యాంగిల్ ఆనించి, దాని ముందు కొన నుంచి, వెనక కొన నుంచి మధ్యగీతకి దూరం కొలవండి. రెండు టైర్ల మధ్య దూరం మాత్రమే కొలిస్తే తప్పు ఏ చక్రానిదో తెలియదు.

సీట్లో బరువు, ట్యాంకులో పెట్రోలు మీరు మామూలుగా ఎగిరేటప్పుడు ఉన్నంతే ఉండాలి. తోక ఎత్తి ఒకసారి, తోక దించి ఒకసారి. తోక ఎత్తినప్పుడు కింద గట్టి స్టాండు, తోకకి కట్టు తప్పనిసరి. గ్రీజు మీద నిలబడ్డ విమానం, మర్చిపోవద్దు.

ఆటోనగర్_బాషా

సార్ చెప్పింది విన్నాక నా లేజర్ మిషన్ మీద గౌరవం తగ్గింది. మేము కూడా చిన్నప్పుడు దారంతోనే చేసేవాళ్లం.

బుడ్డలచేను

నేల సంగతికి మనవాళ్లు దిగులు పడాల్సిన పని లేదు. తాడిపత్రి బండలు పరిచిన షెడ్డు చూసుకోండి, రసమట్టం పెడితే బుడగ కదలదు. సీట్లో బరువుకి రెండు బుడ్డల (వేరుశనగ) మూటలు వేస్తే సరి, మనిషిని గంటలు గంటలు కూర్చోబెట్టే పని లేదు.

కడప_కారం

ఎగిరే ముందు మూటలు దించడం మర్చిపోకండి, మిల్లు దాకా డెలివరీ అనుకుంటారు 😄

ఆటో_టైరు_ఐడియా

ఇంత లెక్క ఎందుకు, ఆటో టైరు వేసేయొచ్చు కదా? వందల్లో వస్తుంది, అరిగితే ఇంకోటి.

హ్యాంగర్_రెండో_షిఫ్ట్

@ఆటో_టైరు_ఐడియా ఆటో టైరు 4.00-8. రిమ్ములే 8 అంగుళాలవి. ఈయన రిమ్ములు 5 అంగుళాలవి. మొత్తం చక్రం, బ్రేకు అన్నీ మారాలి. అది పక్కన పెట్టినా, సున్నా నుంచి ల్యాండింగ్ వేగానికి ఒక్క క్షణంలో తిరిగేందుకు చేసిన టైరు కాదు అది. దయచేసి వద్దు.

రిటైర్డ్_సార్జెంట్

దీనికి ఒక మాట కలుపుతాను. విమానం టైరుకి దిగడం కన్నా వేడి పెద్ద శత్రువు. గాలి తక్కువ పెట్టి దూరం, వేగంగా ట్యాక్సీ చేస్తే పక్కగోడ వంగి వంగి లోపల వేడెక్కుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువ, మధ్య అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. మన ఎండల్లో గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. 3 డిగ్రీల ఉష్ణోగ్రత మారితే ప్రెషర్ సుమారు 1 శాతం మారుతుంది. పొద్దున 24 డిగ్రీలు, మధ్యాహ్నం 42 డిగ్రీలు అంటే 6 శాతం తేడా. మధ్యాహ్నం చూసి "సరిగ్గా ఉంది" అనుకుంటే మర్నాడు పొద్దున తక్కువగా ఉన్నట్టే.

కళ్యాణదుర్గం_గాలి

అందరూ చెప్పినట్టు చేశాం. షెడ్డు బండల నేల, గ్రీజు రేకులు, తూకం గుండు, సీట్లో ఒక మనిషి బరువు, సగం ట్యాంకు. బేరింగు, బోల్టులు, కాలు మొదలు అన్నీ చూశాం, లోపం లేదు. చక్రం విప్పి ఇరుసు కూడా చూశాం, నిటారుగా ఉంది. బ్రేకు పట్టడం లేదు.

తోక ఎత్తి కొలిస్తే: మీటరు యాంగిల్ మీద కుడి చక్రం ముందు కొన వెనక కొన కన్నా 16 మిల్లీమీటర్లు లోపలికి. ఎడమ చక్రం 3 నుంచి 4. క్యాంబర్ కుడి 2.5 డిగ్రీలు, ఎడమ 2.3. రెండూ పైభాగం బయటికి.

తోక దించితే: కుడి 24, ఎడమ 12. తోక కింద ఉన్నప్పుడు మాది పదకొండున్నర డిగ్రీలు.

ఇప్పుడేం చేయాలి?

జేఎన్‌టీయూ_మెకానికల్

అన్నా, 16 అంటే 0.9 డిగ్రీ, మూడున్నర అంటే 0.2. క్యాంబర్ వల్ల తోక దించినప్పుడు కలవాల్సింది ఒక్కో వైపు అర డిగ్రీ. కుడి 1.4, ఎడమ 0.7 రావాలి. మీకు వచ్చింది 24 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్లు. లెక్కతో సరిపోయింది! చాలా సంతోషంగా ఉంది.

హ్యాంగర్_రెండో_షిఫ్ట్

కొలత ఒప్పుకుంటున్నా. టైరు తిప్పి వేసుకోవడం ఒక్కటే సరిపోదు, కుడివైపు షిమ్ పడాలి. క్యాంబర్ని మాత్రం ముట్టుకోకండి. ఇద్దరు కూర్చుని ట్యాంకు నింపితే అది తనంతట తానే తగ్గుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చేస్తే నిండినప్పుడు చక్రాలు లోపలికి వాలిపోతాయి, అప్పుడు లోపలి అంచు పోతుంది.

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్

కుడివైపు ఒక డిగ్రీ షిమ్ వేస్తే తోక ఎత్తినప్పుడు రవ్వంత టో-ఔట్, తోక దించినప్పుడు 0.4 టో-ఇన్. రెండు భంగిమల మధ్య సున్నా పడుతుంది. ఎడమది అలాగే వదిలేయండి.

ఆటోనగర్_బాషా

షిమ్ దళసరి అంచు ఎటు పెట్టాలో తికమక పడతారు చాలామంది. దళసరి ఎటు ఉంటే చక్రం ఆ అంచు బయటికి పోతుంది. టో-ఇన్ తీయాలంటే దళసరి అంచు ముందుకి. కావాలంటే కడప తీసుకురా అన్నా, మా పక్క లేత్ షాపులో అల్యూమినియం ముక్క మిల్లింగ్ చేయించి ఇస్తా. ఒక డిగ్రీ ఏటవాలు మాకు రోజూ పనే.

హ్యాంగర్_రెండో_షిఫ్ట్

బాషా అన్నా, మీ చేతి పని మీద నాకు అనుమానం లేదు. కానీ విమానం భాగం అంటే ఏ లోహం, ఏ గ్రేడు, ఎవరు చేశారు అన్నది రేపు ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి. 1 డిగ్రీ, అర డిగ్రీ షిమ్‌లు తయారుగా దొరుకుతాయి. అవి తెప్పించుకోవడమే మంచిది.

ఆటోనగర్_బాషా

సొంతంగా కట్టిన విమానానికి సొంతంగా చేసిన షిమ్ పనికిరాదా?

రిటైర్డ్_సార్జెంట్

పనికొస్తుంది బాషా, లోహం సర్టిఫికెట్ ఉండి, రెండు ముఖాలూ మైక్రోమీటరుతో చూసి, లాగ్‌బుక్కులో రాసి, సంతకం చేసే మనిషి ఒప్పుకుంటే. ఆకురాయితో గీకి చేసినది మాత్రం పనికిరాదు. ముఖం ఎగుడుదిగుడుగా ఉంటే బోల్టు బిగింపు మొదట్లో బాగానే ఉంటుంది, కొన్ని ల్యాండింగ్‌లకి వదులైపోతుంది.

ఎవరు చేసినా ఈ మూడు మర్చిపోవద్దు. షిమ్ మందంతో పాత బోల్టు పొట్టిదైపోతుంది, నట్టు బయటికి మరలు కనబడేంత పొడవు కొత్త బోల్టు వేయండి. బ్రేకు ప్లేటు, ఇరుసు ఒకదానికొకటి లంబంగానే ఉండాలి, షిమ్ వాటి మధ్య పడకూడదు. టార్క్, అంటే బోల్టు బిగించే బలం, కిట్ పుస్తకంలో ఉన్నంతే.

రెండు_ముక్కల_రిమ్ము

షిమ్ వేసేటప్పుడు ఎలాగూ చక్రం విప్పుతారు, టైరు తిప్పి వేసే పని కూడా అప్పుడే పెట్టుకుంటారు కాబట్టి చెప్తున్నా. ఈ రిమ్ములు రెండు సగాలు, బోల్టులతో కలిపినవి. గాలి మొత్తం తీసి, వాల్వ్ కోర్ (వాల్వ్ లోపల గాలిని ఆపే చిన్న ముక్క) బయటికి తీశాకే ఆ బోల్టుల మీద పానా పెట్టండి. గాలి ఉండగా విప్పితే రిమ్ము సగం ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. మెకానిక్కి తెలిసిందే కదా అనుకోకుండా ప్రతిసారీ పక్కవాళ్లకి చూపించి మరీ కోర్ తీయండి. ట్యూబుకి టాల్కం పౌడర్ పూయండి. టైరు మీద ఎర్ర చుక్క ఉంటుంది, అది తేలికైన చోటు, దాన్ని వాల్వ్ దగ్గరికి తెచ్చుకోండి.

కొండారెడ్డి_బురుజు

ట్యూబు మీద పసుపు గీత ఉంటే?

రెండు_ముక్కల_రిమ్ము

అది ట్యూబులో బరువైన చోటు. ఎర్ర చుక్కని ఆ గీతకే కలపాలి.

కళ్యాణదుర్గం_గాలి

తయారుగా దొరికే ఒక డిగ్రీ షిమ్మే తెప్పించాం. బాషా అన్న లేత్‌కి ఇంకోసారి తప్పకుండా పని ఇస్తాను. దళసరి అంచు ముందుకి పెట్టి, కొత్త బోల్టులతో బిగించి, లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయించాం. పాత కుడి టైరు గాడి పోయింది కాబట్టి తీసేశాం, కొత్తది వేశాం. ఎడమది తిప్పి వేశాం.

మళ్లీ కొలిస్తే తోక ఎత్తినప్పుడు కుడి 2 మిల్లీమీటర్లు బయటికి, తోక దించినప్పుడు 7 లోపలికి.

ఎడమకి లాగడం పోయింది. తోక దిగేటప్పుడు కాళ్లకి పని ఉంది గానీ రెండు కాళ్లకీ సమానంగా ఉంది. మా పక్క సీటు పైలట్, ఆయనకి ఈ చర్చ గురించి చెప్పనేలేదు, దిగాక "ఇవాళ గాలి బాగా తక్కువ ఉన్నట్టుంది" అన్నారు. గాలి ఎప్పటిలాగే ఉంది. ఇంకో వర్షాకాలం గడిస్తే గానీ అరుగుడు సంగతి గట్టిగా చెప్పలేను, అయినా ఇప్పటిదాకా నిమిరితే గరుకు ఎటూ తగలడం లేదు.

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్

చాలా సంతోషం. గాలి అడ్డంగా ఉన్న రోజున కూడా ఒకసారి చూసి రాయండి, జాగ్రత్తగా.

జేఎన్‌టీయూ_మెకానికల్

అన్నా, ఈసారి కొలిచేటప్పుడు పిలిస్తే బస్సెక్కి వచ్చేస్తా. మా ప్రాజెక్టుకి ఇదే పెట్టుకోవచ్చా? ఖాళీ బరువు నుంచి నిండు బరువు దాకా టో, క్యాంబర్ ఎలా మారతాయో గ్రాఫు గీయాలని ఉంది.

కళ్యాణదుర్గం_గాలి

తప్పకుండా రా తమ్ముడూ. బుడ్డల మూటలు నేను తెస్తా, మైక్రోమీటర్ నువ్వు కాలేజీ నుంచి తీసుకురా.

బుడ్డలచేను

ఒక పక్క ప్రశ్న. మట్టి రన్‌వే పక్కన పల్లేరు కాయలు విపరీతంగా ఉన్నాయి. మా స్నేహితుడి మైక్రోలైట్‌కి (చిన్న తేలిక విమానం) రెండుసార్లు పంక్చర్. ట్యూబులో సీలెంట్ (పంక్చర్ మూసే ద్రవం) పోయొచ్చా?

రిటైర్డ్_సార్జెంట్

పోయొద్దు. అది ఒకచోట చేరి గట్టిపడితే చక్రం బ్యాలెన్సు పోతుంది, వేగంలో వణుకు మొదలవుతుంది. పల్లేరు కాయ కాయకముందే, పసుపు పువ్వు మీద ఉండగానే వేరుతో పీకించండి. రన్‌వే రెండు పక్కలా పది అడుగుల దాకా. కూలి ఖర్చు ట్యూబు ఖర్చు కన్నా తక్కువే అవుతుంది.

హ్యాంగర్_రెండో_షిఫ్ట్

సార్ మాటే నాది. ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూసేటప్పుడు విమానాన్ని అరచక్రం ముందుకి తోసి, కింద దాగిన భాగం కూడా చూడమనండి. ముల్లు ఉండేది ఎప్పుడూ అక్కడే.